కాన్యూర్ పిల్ల వేళ్లు కొరుకుతోంది, ఎలా మాన్పించాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఐదు నెలల గ్రీన్ చీక్ కాన్యూర్ (ఒక రకం చిన్న చిలుక) పిల్ల ఉంది. చేత్తో మేత తినిపించి పెంచిన పక్షి కావడంతో, తెచ్చిన కొత్తలో ఎవరి భుజం మీదైనా వాలి కునుకు తీసేది. ఈ మధ్య దాని పద్ధతి మారింది. వేలు అందిస్తే ముందు నాలుకతో తడిమి, మెల్లగా పట్టుకొని, ఉన్నట్టుండి చర్మం కమిలేలా నొక్కుతోంది. సాయంత్రం పంజరంలోకి పంపబోతే మరీ గట్టిగా కొరుకుతోంది. రెండో తరగతి చదివే మా పాప కెవ్వున అరిచి చేయి లాక్కుంటే ఇంకా రెచ్చిపోతోంది. ముక్కు మీద ఒక్కటి తగిలిస్తే అదే దారికొస్తుందని మా అత్తగారు అంటున్నారు కానీ, నాకు చేయి రావడం లేదు. ఇది వయసుతో పోయేదేనా, లేక ఇప్పుడే మాన్పించకపోతే అలవాటుగా స్థిరపడిపోతుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (చిత్తూరు నుంచి)

అమ్మా, ముక్కు మీద ఎంతమాత్రం కొట్టవద్దు. కొడితే అది కొరకడం మానదు, మీ చేతికి భయపడడం మొదలుపెడుతుంది. భయపడిన పక్షి మరింత గట్టిగా కొరుకుతుంది.

చిలుక జాతికి ముక్కు మూడో కాలు వంటిది. ఎక్కబోయే కొమ్మ తన బరువు ఆపుతుందో లేదో ముక్కుతో పట్టి చూసుకున్నాకే అడుగు వేస్తుంది. కాబట్టి వేలి మీదికి ఎక్కే ముందు మెల్లగా పట్టుకోవడాన్ని కొరకడంగా భావించకూడదు. సరిగ్గా ఆ క్షణంలో వేలు వెనక్కి లాగితే, ఈ వేలిని నమ్మలేమని నేర్చుకొని మరుసటిసారి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చూపుడువేలిని అడ్డంగా చాపి, కాళ్లకు కాస్త పైన, పొట్ట కింది భాగానికి ఆనించి, కదలకుండా ఉంచండి.

సాయంత్రం కొరికేది మాత్రం వేరు. కొరికితే చేయి తప్పుకుంటోంది, బయట ఆట మరికాసేపు సాగుతోంది; అంటే కొరికినందుకు దానికి కోరుకున్నది దక్కుతోంది. ఆ లెక్క మార్చాలి. మన ప్రాంతంలో దొరికే కొర్ర కంకి కాన్యూర్లకు ఎంతో ఇష్టం. దాన్ని మామూలు మేతలో కలపకుండా, పంజరంలోకి వెళ్లినప్పుడు మాత్రమే చిన్న ముక్క ఇవ్వండి. పగలు కూడా రెండు మూడుసార్లు లోపలికి పంపి, కంకి ఇచ్చి, తిరిగి బయటికి తీయండి. లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఆట ముగిసిపోదని దానికి అర్థమైతే గొడవ చాలావరకు తగ్గుతుంది.

గట్టిగా కొరికినప్పుడు అరవకండి, ముఖం మీద ఊదకండి, చేయి విదిలించకండి. మాట్లాడకుండా దగ్గరలోని కర్ర మీద దించి, కొన్ని క్షణాలు ముఖం తిప్పుకోండి, చాలు. గంటల తరబడి పంజరంలో మూసి ఉంచితే అది దేనికి పడిన శిక్షో పక్షికి తెలియదు.

జవాబు (తిరుపతి, పశువైద్య విద్యార్థి)

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. దానికి తోడు, కొరికే ముందు పక్షి ఇచ్చే హెచ్చరికలను గమనించడం నేర్చుకోండి. కంటిపాప గబగబా చిన్నదీ పెద్దదీ అవుతుంది, మెడ మీది ఈకలు నిక్కబొడుచుకుంటాయి, ఒళ్లు బిగుసుకొని ముందుకు వంగుతుంది, తోక విసనకర్రలా విచ్చుకుంటుంది. ఇవి కనిపించినప్పుడు చేయి పెట్టకుండా కాసేపు ఆగితే కాటు దాకా రాదు. హెచ్చరించినా ఎవరూ పట్టించుకోవడం లేదని తెలిసిన పక్షి, కొన్నాళ్లకు హెచ్చరించడం మానేసి నేరుగా కొరుకుతుంది.

నిద్ర సంగతి కూడా చూడండి. దానికి రాత్రి 10 నుంచి 12 గంటల నిద్ర కావాలి. టీవీ నడిచే హాలులో పంజరం ఉంటే ఆ నిద్ర దొరకదు, చిరాకు పెరుగుతుంది. ఈకలు రాల్చే కాలంలో, తొడుగు వీడని కొత్త ఈకలను తాకితే నొప్పి కలుగుతుంది. నిమరాలనిపిస్తే తల, మెడ వరకే నిమరండి. వీపు, రెక్కల కింద నిమిరితే ఎదిగిన పక్షిలో జతకట్టే కోరిక రేగి కొరుకుడు ఎక్కువవుతుంది.

కొరకడంతో పాటు మేత మానడం, ఈకలు ఉబ్బించుకొని మూలన కూర్చోవడం, రెట్ట రంగు మారడం కనిపిస్తే అది మచ్చిక సమస్య కాదు. వెంటనే ఇక్కడి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేత బాగానే తింటోంది, హుషారుగానే ఉంది. పంజరం హాలులో టీవీ పక్కనే ఉంది కాబట్టి ఈ రోజే లోపలి గదిలోకి మారుస్తాను. పాపను కొన్నాళ్లు దానికి పూర్తిగా దూరంగా ఉంచాలా?

జవాబు (చిత్తూరు నుంచి)

అంత అవసరం లేదమ్మా. భుజం మీద మాత్రం ఎక్కించవద్దు. అక్కడ దాని ఒంటి తీరు కనబడదు, కన్నూ చెవీ దగ్గరగా ఉంటాయి. పాప నేల మీద కూర్చొని, మీరు పక్కన ఉండగా, పొడవైన చెంచాతో మేత అందించవచ్చు. చెంచా మీద నుంచి నెమ్మదిగా తీసుకోవడం అలవాటయ్యాక అరచేతిలో పెట్టి ఇవ్వమనండి. కొరుక్కోవడానికి పంజరంలో ఎండు కొబ్బరి పీచు, తోలు తీయని మొక్కజొన్న పొత్తు వేలాడదీయండి. ఈ వయసులో ముక్కుకు పని లేకపోతే అది వేళ్ల మీదికే వస్తుంది.