మాగాయ ముక్కలోంచి నీళ్లు బయటికొస్తే, ఉప్పు లోపలికెలా పోయింది?

ప్రశ్న (తిరుపతి నుంచి): అందరికీ నమస్తే. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. మాగాయకని మామిడి ముక్కలు తరిగి ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెడితే తెల్లారేసరికి చాలా ఊట వచ్చింది. "ఇదే ద్రవాభిసరణ అమ్మా, కణపొర నీళ్లనే పోనిస్తుంది, ఉప్పును పోనివ్వదు" అంది. మూడో రోజు పిండి మిద్దె మీద ఆరబెట్టేటప్పుడు ఒక ముక్క కొరికితే నడుమంతా ఉప్పే, ఊటేమో పుల్లగా ఉంది. ఉప్పును పోనివ్వకపోతే ఇదెట్లా అంటే ఇద్దరికీ తెలియలేదు. పరీక్షలో ఏం రాయాలో అని దానికి టెన్షన్.

జవాబు (చిత్తూరు, బోటనీ చెప్తాను): అక్కా, పాప చెప్పింది తప్పు కాదు, కానీ అది కణం బతికున్నంత వరకే. ముక్క బయట ఉప్పు ఎక్కువ, లోపల తక్కువ, అందుకని నీళ్లు బయటికి లాగేస్తాయి, కణం లోపలి పదార్థం ముడుచుకుని గోడ నుంచి విడిపోతుంది (పరీక్షలో దీన్ని ప్లాస్మోలైసిస్ అని రాయమనండి). అంత ఉప్పులో కణం ఎక్కువసేపు బతకదు, చచ్చాక పొర కాపలా పోతుంది, ఇక ఉప్పు లోపలికి, పులుపు బయటికి, ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వాటంతటవే నడుస్తాయి. అది విసరణ. ముక్కకు ఉప్పు పట్టడమంటే అదే.

నమ్మకం కుదరకపోతే బీట్‌రూట్ తరిగి, కోసిన చోట కారే రంగు పోయేదాకా కడిగి, సగం ముక్కలు చన్నీళ్లలో, సగం మరిగే నీళ్లలో వేయించండి. చన్నీళ్లకు రంగు పెద్దగా దిగదు, వేడినీళ్లు మాత్రం కాసేపటికే ఎర్రబడతాయి. రంగు అవే కణాల్లో ఉంది, వేడికి పొరలు పాడయ్యాయి, అంతే తేడా.

ప్రశ్న: బాగా అర్థమైంది సార్. అయితే బతికున్న కణంలోకి ఉప్పు అసలు పోదా?

జవాబు: పోతుందక్కా, పొరలో ప్రోటీన్ వాకిళ్లు ఉంటాయి. మన కణాల్లో ఒక పంపు ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) ఖర్చుపెట్టి ఒక్కో విడతకు 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి 2 పొటాషియం లోపలికి తెస్తుంది. తక్కువున్న చోటి నుంచి ఎక్కువున్న చోటికి మోయాలి కదా, అందుకే ఖర్చు. సక్రియ రవాణా అంటే ఇది. పేగు కణాల్లో ఇంకో వాకిలి ఉంది, అందులో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లూ పోతాయి. విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ పనిచేసేది దీనివల్లే, ఉప్పూ చక్కెరా రెండూ ఉండాల్సిందీ ఇందుకే.

ఇంకో మాట, ఇది పరీక్ష కోసం కాదు. లీటరు నీళ్లకని రాసున్న ప్యాకెట్‌ను, పిల్లలు అంత తాగరులే అని గ్లాసు నీళ్లలో కలిపేస్తుంటారు. అలా చేయకండి. అది మరీ చిక్కనైపోయి, మీ జాడీలో ఉప్పు ముక్కలోంచి నీళ్లు లాగినట్టే ఒంట్లోని నీళ్లను పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి.