హియర్‌కి, లిజన్‌కి తేడా ఏంటండీ? రెండూ వినడమే కదా

కొత్త ఉద్యోగి:
డిగ్రీ దాకా తెలుగు మీడియం అండీ, ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. నిన్న ఆఫీసు కాల్‌లో అవతలాయన గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంటే 'సర్, ఐయామ్ నాట్ లిజనింగ్' అనేశాను. అందరూ ఒక్కసారిగా సైలెంట్ అయిపోయారు. తర్వాత మా టీమ్ లీడ్ పక్కకి పిలిచి 'ఐ కాన్ట్ హియర్ యూ' అనాలమ్మా అన్నారు గానీ ఎందుకో చెప్పలేదు. రాత్రంతా అదే టెన్షన్. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

పల్లెటూరి టీచర్:
ఈ తేడా మీరు రోజూ పాటిస్తున్నదేనమ్మా. ఫోన్‌లో మీ అమ్మగారి గొంతు రాకపోతే ఏమంటారు? 'వినపడట్లేదు' అంటారు, 'నేను వినట్లేదు' అనరు. వినపడటం హియర్, అది దానంతటదే చెవిన పడేది. చెవి ఒగ్గి వినడం లిజన్. అందుకే మీ మాట ఆయనకి 'మీరు చెప్పేది నేను పట్టించుకోవట్లేదు' అన్నట్టు చేరింది. కంటి సంగతీ ఇంతే, కనపడటం సీ, కావాలని చూడటం లుక్, జరుగుతున్నదాన్ని కాసేపు చూస్తూ కూర్చుంటే వాచ్, అంటే క్రికెట్ మ్యాచ్, టీవీ లాంటివి. ఇంకోటి, లిజన్ తర్వాత ఎవర్నో దేన్నో చెప్పాలంటే మధ్యలో 'టు' పడాలి, లిజన్ టు మీ అని. చాలామంది పిల్లలు దీన్నే వదిలేస్తారు. హియర్‌కి ఆ 'టు' అక్కర్లేదు.

అనువాదకుడు:
టీచర్ గారు చెప్పింది బాగుంది, కానీ ఒకచోట మీరు బోల్తా పడతారు. 'వాళ్ళమ్మాయికి పెళ్ళి కుదిరిందని విన్నాను' అంటాం చూడండి, తెలుగులో విన్నానే గానీ ఇంగ్లిష్‌లో హర్డ్ అనాలి, కబురు మన చెవిన పడింది కాబట్టి. అదే 'వాడు అమ్మ మాట వినడు' అంటే లిజన్. అనుమానం వస్తే ఆ వాక్యంలో 'చెవిన పడింది' పెట్టి చూడండి, అతికితే హియర్.

కొత్త ఉద్యోగి:
చాలా థ్యాంక్స్ అండీ! మరి 'రాత్రి వాన చప్పుడు విన్నాను' అంటే?

అనువాదకుడు:
నిద్రలో మెలకువ వచ్చి చప్పుడు వినపడితే హర్డ్ ద రెయిన్. కిటికీ దగ్గర కూర్చుని అదే పనిగా వింటే లిజన్డ్ టు ద రెయిన్. రెండూ సరైనవే, రాత్రి మీరు ఏం చేశారో దాన్ని బట్టి.