మనవాడు అడ్డుంటే గోబ్లిన్‌కి కవరా?

రేంజర్‌బాబు:
డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేసి పాత్రల్ని నడిపే ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్‌తో ఆడుతున్నాం. నాది విల్లు పట్టిన రేంజర్ పాత్ర. మా ఫైటర్ (ముందుండి కొట్లాడే యోధుడు) ఎప్పుడూ దూసుకెళ్లి గోబ్లిన్ అనే రాక్షసి మీద పడతాడు. నేను బాణం వేద్దామనేసరికి డీఎం (ఆట నడిపేవాడు) "మధ్యలో ఫైటర్ ఉన్నాడు, హాఫ్ కవర్, ఏసీకి 2 కలుపు" అంటాడు. ఏసీ అంటే దెబ్బ తగలాలంటే నేను అందుకోవాల్సిన అంకె. గోడ చాటునో చెట్టు చాటునో ఉంటే సరే. మనవాళ్లని కూడా అడ్డు కింద లెక్కేస్తే ఇక విలుకాడెందుకు?

పాతకాపు:
రూల్ అదే. ఒంట్లో సగం కప్పితే హాఫ్ కవర్, అడ్డున్నది శత్రువైనా మిత్రుడైనా ఒకటే. ఇంతకీ పోయేదెంత? మీరు పాచికకి కలుపుకునేది +7 అనుకుందాం, గోబ్లిన్ ఏసీ 15. మామూలుగా డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 8 పడితే చాలు, అంటే 65 శాతం. కవర్‌తో 10 పడాలి, 55 శాతం. పాత 3.5 ఎడిషన్‌లో అయితే కలబడుతున్నవాళ్ల మీదికి వేసినందుకు -4, మధ్యలో మనిషుంటే అవతలివాడి ఏసీకి ఇంకో 4. మీరు అదృష్టవంతులు.

నల్లపాచిక:
నాలుగో ఎడిషన్‌లో మిత్రులు అసలు అడ్డే కాదు. అదే హాయి. మా టేబుల్‌లో ఇప్పటికీ అలాగే.

పాతకాపు:
మరి మీ దగ్గర షార్ప్‌షూటర్ ఫీట్ (పాత్రకి ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) తీసుకున్నవాడి గతేంటి? హాఫ్, త్రీ క్వార్టర్స్ కవర్‌ని పట్టించుకోనక్కర్లేదన్నది అందులో ఉన్న మూడు లాభాల్లో ఒకటి. మీరది అందరికీ ఉత్తినే పంచేస్తున్నారు.

చీకటిగుహ:
నా బాధ వేరే. తప్పిన బాణం గాల్లో కలిసిపోతుందా? అడ్డున్నవాడికి తగలాలి. డీఎం గైడ్‌లో ఐచ్ఛిక రూల్ ఉంది, వాడండి.

పాతకాపు:
వాడి చూడండి, తమాషాగా ఉంటుంది. కవర్ లేకపోతే తగిలేది, కవర్ వల్లే తప్పింది అయితేనే అడ్డున్నవాడి లెక్క మొదలవుతుంది. పై గోబ్లిన్‌కి ఆ కిటికీ, పాచికకి +7 కలిపాక వచ్చే మొత్తం 15, 16 మాత్రమే. ఆ మొత్తం అడ్డున్నవాడి ఏసీని దాటాలి కూడా. ప్లేట్ కవచం తొడుక్కున్న ఫైటర్ ఏసీ 18, వాడికి ఎన్నటికీ తగలదు. ఏసీ 12 ఉన్న విజార్డ్ (మంత్రగాడు) అడ్డొస్తే ప్రతిసారీ తగులుతుంది. ముందుండి కాచేవాడికి భయం లేదు, పొరపాటున దారిలోకొచ్చిన బక్కప్రాణికి దెబ్బ. ఇదేం వాస్తవికత?

చీకటిగుహ:
కవచం ఉన్నదే అందుకు కదా! నాకైతే బాగానే ఉంది.

రేంజర్‌బాబు:
సరే, ఓగర్ (భారీ రాక్షసి) ముందు మా హాఫ్‌లింగ్ (పొట్టి జాతి) రోగ్ ఉంటే? అదీ కవరేనా?

పాతకాపు:
ఒంట్లో సగం కప్పాలిగా, కప్పలేడు. అడ్డుందో లేదో చూడ్డానికి గళ్ల మ్యాప్ మీద మీ దగ్గర్నుంచి అవతలివాడి గడికి గీతలు గీసే పద్ధతి వాడినా పెద్ద చిక్కు లేదు. ఓగర్ 4 గళ్లు ఆక్రమిస్తుంది, వాటిలో ఏదో ఒక గడికి గీస్తే చాలు, ఖాళీగా కనిపించేదే ఎంచుకోండి. గోబ్లిన్ విషయంలోనూ అంతే బాబూ, నిలబడ్డచోటే నిలబడి వేయడమెందుకు? మనిషి జాతి రేంజర్‌కి టర్న్‌కి 30 అడుగుల నడక ఉంది. 10 అడుగులు పక్కకి జరిగి వేసి, మిగతా 20తో మళ్లీ చెట్టు చాటుకి పోవచ్చు.

నల్లపాచిక:
ఇరుకు సొరంగంలో ఎటు జరుగుతాడండీ?

పాతకాపు:
అక్కడ మాత్రం ఆ 2 కట్టాల్సిందే.