ఇల్లంతా పిల్లి ఆటవస్తువులే: నడవడానికి దారి ఎలా చేసుకోవాలి?

ప్రశ్న (మియాపూర్ వాసి)

మేము ఉండేది రెండు పడకగదుల ఫ్లాటు. ఇంట్లో నేను, మావారు, 72 ఏళ్ల మా అత్తగారు, నాలుగేళ్ల పిల్లులు రెండు ఉంటాము. (పేట పేరు మియాపూర్ కావడం మా తప్పు కాదు.) పిల్లులు వచ్చిన కొత్తలో లోపల గంట ఉన్న ఒక్క బంతితో మొదలైన వ్యవహారం ఇప్పుడు హాలు దాటి వంటింటి గుమ్మం దాకా పాకింది. గత ఆదివారం సోఫా జరిపి ఊడ్చినప్పుడు దాని అడుగున ఏడు గంట బంతులు, తోక ఊడిన మూడు బట్ట ఎలుకలు, సీసా మూతలు, నేను జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండ్లు, దేవుడి గూట్లోంచి ఎప్పుడు లాక్కొచ్చాయో తెలియని ఒక వత్తుల కట్ట దొరికాయి.

అంతటితో ఆగితే ఇక్కడ రాసేదాన్ని కాదు. మొన్న తెల్లవారుజామున పాల ప్యాకెట్ల కోసం తలుపు తీయబోతూ, చీకట్లో అత్తగారు ఒక బంతి మీద కాలు వేసి జారారు. గోడ అందింది కాబట్టి మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు, ఈ ఇంట్లో ఆ ఎలుకను నేనేనా?" అని ఆవిడ అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. విచిత్రమేమిటంటే, ఇన్ని ఉన్నా పిల్లులు వాటిలో దేనితోనూ ఆడవు. కొత్తది తెస్తే రెండు రోజులు ఆడి వదిలేస్తాయి, అవి ముడుచుకుని కూర్చోవడం చూడలేక మేము మరొకటి తెస్తాము. అన్నీ తీసేస్తే తోచక సోఫాను చీల్చేస్తాయేమోనని భయం. ఈ స్థితిలోంచి బయటపడినవారు ఎవరైనా ఉంటే ఏం చేశారో చెప్పగలరు.

జవాబు 1 (విజయవాడ నుంచి, మూడు పిల్లుల ఇల్లు)

మీ పిల్లులది బద్ధకం కాదండీ, ఆ వస్తువుల మీద మోజు తీరిపోయింది, అంతే. పిల్లికి ఆట అంటే వేట. నక్కి చూడడం, వెంటపడడం, దూకి పట్టడం, కొరకడం అన్న ఆ వరుసలో, ఎప్పుడూ కళ్లముందే కదలకుండా పడి ఉండే బంతికి చోటు లేదు. ఎదిగిన పెంపుడు పిల్లుల ఆట మీద శారా హాల్, జాన్ బ్రాడ్‌షా, ఇయాన్ రాబిన్సన్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది కూడా ఇదే: ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ ఇస్తే పిల్లుల ఆట తగ్గుతూ వచ్చింది, రూపం మారిన మరో బొమ్మ ఇవ్వగానే మళ్లీ ఊపందుకుంది. అందుచేత కొత్తది కొననక్కరలేదు, పాతదే కొన్నాళ్లు కనబడకుండా దాచితే చాలును.

మా ఇంట్లో గట్టి మూతలున్న మూడు స్టీలు డబ్బాలు ఉన్నాయి. నేల మీద ఎప్పుడూ నాలుగు వస్తువులకు మించి ఉండవు, ఆదివారం ఆ నాలుగూ లోపలికి వెళ్లి మరో డబ్బాలోవి బయటికి వస్తాయి. ఒక్క జాగ్రత్త: కలరా ఉండలు వేసిన బీరువా అరలో మాత్రం వాటిని దాచకండి. నాఫ్తలీన్ పిల్లులకు విషం, దాని పక్కన ఉంచిన బట్ట ఎలుక నేరుగా వాటి నోట్లోకే వెళుతుంది.

ఇక ఆడించే పద్ధతి. ఈకల కర్రను (కొసన దారంతో ఈకలు కట్టిన కర్ర) చాలామంది పిల్లి మొహం ముందు ఊపుతారు గాని, ఏ ఎలుకా పిల్లి నోటికి ఎదురెళ్లదు కదా. సోఫా మూల నుంచి పారిపోతున్నట్టు నేల మీద ఈడ్చి, ఆపి, కర్టెను వెనక్కి లాగండి. పది నిమిషాల తరువాత దొరకనిచ్చి, వెంటనే తిండి పెట్టండి. పిల్లులు సందెవేళా, తెల్లవారుజామునా ఎక్కువ చురుకుగా ఉంటాయి కనుక, రాత్రి పడుకునే ముందు ఈ ఆట ముగించి బంతులన్నీ ఏరి డబ్బాలో వేస్తే, మీ అత్తగారు లేచే వేళకు దారి ఖాళీగా ఉంటుంది.

జవాబు 2 (పశువైద్యశాలలో పనిచేసే వ్యక్తి)

బంతుల కంటే ఆ రబ్బరు బ్యాండ్ల సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతువైపుకు వంగి ఉంటాయి, అందువల్ల నోట్లో పడిన దారాన్ని అది ఉమ్మలేక మింగేస్తుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని, మిగిలినది పేగులోకి జారితే, పేగు కుచ్చిళ్లలా ముడుచుకుని కోసుకుపోతుంది, అప్పుడు ఆపరేషన్ తప్పకపోవచ్చు. మన ఇళ్లలో ఈ ప్రమాదం బొమ్మల దుకాణం నుంచే రానక్కరలేదు: పూలు రాలిపోయిన మల్లెదండ దారం, సంక్రాంతి వెళ్లాక బాల్కనీలో మిగిలిన మాంజా ముక్క, కుట్టుమిషను కింద పడిన పోగు చాలు. నోటి నుంచి గాని వెనుక నుంచి గాని దారం వేలాడుతూ కనిపిస్తే దయచేసి లాగకండి, ఉన్నదున్నట్టు వైద్యుని దగ్గరికి తీసుకురండి. ఈకల కర్రను కూడా ఆట అయిన వెంటనే తలుపున్న అలమరలో పెట్టవలసిందే.

జవాబు 3 (తెనాలి నుంచి)

మొదటి జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, మూడు డబ్బాల నిండా దాచుకునేటన్ని వస్తువులు ఎందుకు అన్నది నా సందేహం. వాటిని కొనడం మన సరదాయే తప్ప పిల్లుల కోరిక కాదు. మా పిల్లికి ఉన్నవి ఒక అట్టపెట్టె, ఒక వెదురు బుట్ట, బల్ల కాలికి బిగించి చుట్టిన కొబ్బరితాడు, గుమ్మం పక్కన పరిచిన గోనెసంచి. గీకడానికి ఆ తాడూ గోనే ఉన్నాయి కాబట్టి మా సోఫా జోలికి రాలేదు. మీరు కూడా సోఫా పక్కనే పెట్టండి, ఎక్కడో మూల పెడితే అది చూడను కూడా చూడదు. అట్టపెట్టె చిరిగినప్పుడు పాతపేపర్ల వాడికి వేసి మరొకటి తెచ్చుకుంటాము. చూపుకు అందంగా ఉండవని మావాళ్లు సణుగుతారు, ఆ మాట నిజమే.

ప్రశ్న అడిగినవారి జవాబు (మూడు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. డబ్బాలు మూడు కాదు, రెండే పెట్టాము. తోకలు ఊడినవి, దారాలు వేలాడేవి పారేశాము, గంట బంతుల్లో రెండింటిని మాత్రమే ఉంచాము. రెండో ఆదివారం డబ్బా మార్చినప్పుడు, ఏడాదిగా ముట్టని బట్ట ఎలుకను పెద్దది నోట కరుచుకుని గుర్రుమంటూ చిన్నదాన్ని దగ్గరికి రానివ్వలేదు. సోఫా పక్కన గోనెసంచి పరిచాము, దాని పీచు ఇల్లంతా రాలుతోంది, ఊడ్చుకోవలసి వస్తోంది. రాత్రి పూట కర్ర ఈడ్చే పనిని అడగకుండానే అత్తగారు తీసుకున్నారు, కుర్చీలోంచే కానిస్తున్నారు. దేవుడి గూటికి తలుపు లేదు కనుక వత్తులను మూత బిగుతుగా ఉన్న ఇత్తడి డబ్బాలోకి మార్చాము. పెద్దది రోజూ ఉదయం వెళ్లి ఆ మూతను ఒకసారి తట్టి చూసి వస్తోంది.