చాండ్లర్‌లో అద్దె ఇల్లు: టైల్స్ మీద పసుపు మరక, సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి అమెరికాలో అరిజోనాలోని చాండ్లర్ వచ్చి నెల అయింది. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు, వంటింట్లో తెల్ల టైల్స్. మొన్న పసుపు డబ్బా చేజారి పడింది. సబ్బు నీళ్లతో తుడిస్తే టైల్స్ మధ్య గీతలు ఎర్రబడ్డాయి! ఇక్కడ బాత్రూమ్ యాసిడ్ ఎక్కడ దొరుకుతుంది? బకెట్ నీళ్లు కొట్టి కడిగేయొచ్చా? ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ ఇవ్వరేమోనని భయంగా ఉంది.

జవాబు:
చెల్లీ, ముందు ఆ యాసిడ్ ఆలోచన మానెయ్. టైల్‌కి ఏమీ కాకపోయినా గీతల్లో ఉండే గ్రౌట్ మామూలుగా సిమెంటుదే, దాన్ని యాసిడ్ తినేస్తుంది. గుల్లబారిన గీతలోకి మురికి ఇంకా లోతుగా దిగుతుంది.

నీళ్లు అసలు కొట్టకు. మన ఇళ్లలోలాగా ఇక్కడ వంటింట్లో తూము ఉండదు, నేలకి వాలూ ఉండదు. పై అంతస్తుల్లో టైల్స్ కింద చాలాచోట్ల చెక్కే ఉంటుంది. నేను వచ్చిన ఏడాది దసరాకి ఇల్లు కడుగుదామని రెండు బకెట్లు కొట్టాను. సాయంత్రానికి కింది వాళ్ల సీలింగ్ మీద పళ్లెమంత తడి మరక! వాళ్లొచ్చి తలుపు కొడితే నాకు నోట మాట రాలేదు.

పసుపు ఎర్రబడిందని కంగారు పడకు. సబ్బులోని క్షారం తగిలితే పసుపు అలాగే మారుతుంది. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసేది ఈ గుణంతోనే కదా. తడిగుడ్డతో సబ్బంతా తీసేస్తే మళ్లీ పచ్చబడుతుంది. అప్పుడు మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చుకో, గోధుమరంగు సీసాలో ఉంటుంది. ముందు ఫ్రిజ్ పక్క మూలలో ఒక చుక్క వేసి చూడు. ఏమీ కాకపోతే గీత తడిసేలా పోసి, పావుగంట ఆగి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది తుడిచెయ్. ఒక్కసారికి పోదు, రెండు మూడు రోజులు చెయ్యాలి. అక్కడ ఎండ పడేట్టయితే పగలంతా కర్టెన్ తీసి ఉంచు. పసుపు రంగు ఎండకి ఆగదు, మన అరిజోనాలో ఎండకేం తక్కువ!

రోజూ అయితే ముందు పొడిగా ఊడ్చు. ఇక్కడి దుమ్ము పిండిలా సన్నగా ఉంటుంది, ఊడ్వకుండా తడి చేస్తే బురదై గీతల్లో కూరుకుంటుంది. రెండు బకెట్లు పెట్టుకో: ఒకదాంట్లో గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, రెండోది మాప్ జాడించడానికి ఉత్త నీళ్లు. సబ్బు ఎక్కువైతే నేల జిడ్డుగా మిగిలి, కాళ్ల మురికంతా అక్కడే అంటుకుంటుంది. చివర్లో పొడిగుడ్డ తప్పదు. ఈ నీళ్లలో సున్నం ఎక్కువ, వాటంతటవే ఆరితే తెల్లటి చుక్కలు పడతాయి. పొయ్యి ముందు మాత్రం తాలింపు అయిన వెంటనే తుడుచుకో, చల్లారాక నూనె బంకలా పట్టేస్తుంది.

మరో జవాబు:
అక్కగారు చెప్పినట్టే చెయ్యమ్మా. రెండు మాటలు కలుపుతాను. వెనిగర్ వాడమని చాలామంది చెబుతారు. ఇక్కడ చాలా ఇళ్లలో ట్రావర్టీన్ రాయి పరుస్తారు, వెనిగర్ పడితే దాని మెరుపు పోతుంది, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప రాదు. గ్రౌట్‌కీ మంచిది కాదు. ఇక బ్లీచ్‌లో వెనిగర్ గానీ, అమోనియా ఉన్న అద్దాల క్లీనర్ గానీ పొరపాటున కూడా కలపొద్దు. విషవాయువు పుడుతుంది. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

డిపాజిట్ సంగతి: మనం ఇంట్లో చేరేటప్పుడు ఏమేం పాడై ఉన్నాయో రాసుకునే ఫారం ఓనరు ఇవ్వాలని అరిజోనా చట్టంలో ఉంది. మీకు ఇచ్చారా? లేకపోతే ఇవాళే మెయిల్ పెట్టి అడుగు. పగిలిన టైల్స్, ముందునుంచీ నల్లబడిన గీతలు కనిపిస్తే గదిగదికీ ఫొటోలు తీసి అదే మెయిల్‌కి జత చెయ్యి.