మంచ్‌కిన్ తొమ్మిదో లెవెల్ దగ్గరే ఆగిపోతోంది, ఏటి చెయ్యాలి?

కోటజంక్షన్ (విజయనగరం):
ఆదివారాలు ఐదుగురం మంచ్‌కిన్ అనే కార్డుల ఆట ఆడుతున్నాం, మాన్‌స్టర్లని చంపుతూ ముందుగా పదో లెవెల్‌కి చేరినవాడిదే గెలుపు. ఎనిమిదో లెవెల్ దాకా చకచకా నడుస్తుంది. ఎవరైనా తొమ్మిదికి చేరారా, మిగతా నలుగురూ మీద పడిపోతారు. ఆట తేలదు. సెట్ సెకండ్ హ్యాండ్‌ది, రూల్ షీటు లేదు. ఉక్కకి కార్డులు కూడా అతుక్కుంటున్నాయి.

నాగావళి:
మీద పడటం తప్పు కాదు బాబూ, ఆట మజా అంతా అందులోనే ఉంది. చేతిలో ఎన్ని కార్డులు దాస్తున్నారో చూడండి. టర్ను ముగిసేసరికి ఐదే ఉండాలి, మీ పాత్ర డ్వార్ఫ్ జాతి అయితే ఆరు. ఎక్కువైనవి అందరికంటే కింది లెవెల్‌లో ఉన్నవాళ్లకి ఇచ్చెయ్యాలి. ఆ కింద ఉన్నది మీరే అయితే పారెయ్యాలి. ఈ రూలు వదిలేస్తే కార్డులు పోగుపడి, అన్నీ ఒకేసారి తొమ్మిదో లెవెల్ వాడి నెత్తిన పడతాయి.

మాన్‌స్టర్‌తో పోరులో సాయానికి ఒక్కరే రావాలి. బలాలు సమానమైతే గెలుపు మాన్‌స్టర్‌దే, మీ పక్క వారియర్ (యోధుడి పాత్ర) ఉంటే తప్ప. పారిపోవాలంటే పాచిక మీద 5 గానీ 6 గానీ పడాలి. వెయ్యి నాణేల సరుకు అమ్మితే ఒక లెవెల్ వస్తుంది, చిల్లర తిరిగి రాదు. పదో లెవెల్ మాత్రం అమ్మకంతో రాదు, మాన్‌స్టర్‌ని చంపే తీరాలి. రూల్స్ పీడీఎఫ్ ఈ ఆట తయారుచేసే స్టీవ్ జాక్సన్ గేమ్స్ సైట్‌లో ఉచితంగానే ఉంది.

వంశధార:
ఈ లెక్క చూడండి. మీ లెవెల్ 9, సామాన్ల బలం 7, మొత్తం 16. ఎదురుగా 12 లెవెల్ మాన్‌స్టర్. ఎవరో ‘ఏన్షియంట్’ కార్డు వేస్తే దానికి +10, అంటే 22. గెలవడానికి ఇంకా 7 కావాలి. అదే మాన్‌స్టర్ లెవెల్ 2 అయితే, ఏన్షియంట్ పడినా 12 దాటదు, మీరే గెలుస్తారు. అందుకే చిన్న మాన్‌స్టర్‌ని ఒకదాన్ని చేతిలో దాచుకోండి. టర్ను మొదట్లో డోర్ కట్ట నుంచి కార్డు తిప్పినప్పుడు మాన్‌స్టర్ రాకపోతే దాన్ని దింపుకుని పోరాడొచ్చు.

తొందరపడి అందరికంటే ముందు తొమ్మిదికి ఎక్కకండి. ముందు ఎక్కినవాడిని ఆపడానికే అందరి చేతులూ ఖాళీ అవుతాయి, ఆ వెంటనే వచ్చినవాడికి దారి సుళువు. త్వరగా ముగించాలంటే రూల్స్‌లోనే ఒక వెసులుబాటు ఉంది: సాయం తీసుకుని పదో లెవెల్‌కి చేరి ఆట గెలిస్తే, సాయం చేసినవాళ్లు ఏ లెవెల్‌లో ఉన్నా వాళ్లూ ఆట గెలిచినట్టే. దీనికి ముందే అందరూ ఒప్పుకోవాలి.

కార్డులకి స్లీవ్‌లు (ప్లాస్టిక్ తొడుగులు) తొడగండి. మామూలు సెట్‌లో 168 ఉంటాయి: డోర్ 95, ట్రెజర్ 73. స్లీవ్‌లు కొనేముందు కార్డుని స్కేలుతో కొలవండి, సైజు తప్పితే అంచులు మడతపడతాయి. పౌడర్ రాయొద్దు, అది చెమటతో కలిసి జిగురవుతుంది.

కోటజంక్షన్:
తొమ్మిదో లెవెల్‌లో చస్తే?

నాగావళి:
లెవెల్, రేస్ (పాత్ర జాతి), క్లాస్ (పాత్ర వృత్తి) ఉంటాయి. సామాన్లు, చేతిలో కార్డులు పోతాయి. ఎక్కువ లెవెల్ ఉన్నవాళ్లతో మొదలుపెట్టి తలో కార్డు ఏరుకుంటారు, మిగిలినవి పారెయ్యాలి. మీ తర్వాతి టర్నులో డోర్, ట్రెజర్ కట్టల్లో ఒక్కోదాని నుంచి నాలుగేసి కొత్త కార్డులు తీసుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు.