స్వీడన్‌లో మిడ్‌సమ్మర్: లెక్సాండ్ వెళ్ళాలా, స్టాక్‌హోమ్‌లోనే ఉండాలా?

నల్లకుంట వాసి:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు స్టాక్‌హోమ్ పక్కనే సోల్నాలో ఉంటాడు. అమ్మను, నా భార్యను, పిల్లలిద్దరినీ తీసుకుని 2026 జూన్‌లో అక్కడికి వెళ్దామని అనుకుంటున్నాను. ఆ ఏడాది అక్కడి మిడ్‌సమ్మర్ పండుగ జూన్ 19, శుక్రవారం. ఆకులూ పూలూ చుట్టిన స్తంభం చుట్టూ జనం పాడుతూ ఆడే వీడియో చూసిన దగ్గర నుంచి అమ్మ ‘ఇది మన బతుకమ్మలాగే ఉంది, చూడాల్సిందే’ అంటోంది. డాలర్నా ప్రాంతంలోని లెక్సాండ్ వెళ్ళడం మంచిదా, లేక స్టాక్‌హోమ్‌లోని స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియంలో చూస్తే చాలా? అమ్మకు మోకాళ్ళ నొప్పి ఉంది. పూర్తి శాకాహారి. అనుభవం ఉన్నవారు చెప్పండి.

సిల్యాన్ అభిమాని:
లెక్సాండే. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. సిల్యాన్ సరస్సు మీద చర్చి పడవలు (ఒకప్పుడు జనం చర్చికి వెళ్ళడానికి వాడిన పొడవాటి పడవలు) తెడ్లు వేసుకుంటూ వస్తాయి. ఊరివాళ్ళు తాతల నాటి దుస్తుల్లో ఫిడేళ్ళు వాయిస్తూ ఊరేగింపుగా నడుస్తారు. సమ్మిల్స్‌డాలెన్ అనే పల్లపు మైదానం చుట్టూ గట్ల మీద వేలాది మంది కూర్చుంటారు. మధ్యలో మగవాళ్ళు పొడవాటి కర్రల జతలతో ఆ స్తంభాన్ని కొంచెం కొంచెంగా పైకి లేపుతారు. ప్రతి ఎత్తుకీ జనం కేకలు పెడతారు. స్టాక్‌హోమ్ నుంచి రైల్లో మూడు గంటలు. బస మాత్రం చలికాలంలోనే ఖాయం చేసుకోండి, తర్వాత దొరకదు.

మేలార్ ఒడ్డు:
చాలా ఏళ్ళుగా స్టాక్‌హోమ్‌లో ఉంటున్నాను. నా సలహా ఒక్కటే: ఆ వారం రావద్దు. శుక్రవారం మధ్యాహ్నానికి నగరం ఖాళీ అవుతుంది. సగం మంది తమ వేసవి కుటీరాలకు వెళ్ళిపోతారు, చిన్న హోటళ్ళు, దుకాణాలు మూతపడతాయి. తెల్లవారుజామున మూడున్నరకే సూర్యుడు వస్తాడు, రాత్రి పది దాటితే గాని వెళ్ళడు. పిల్లలు నిద్రపోరు. వాన పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆగస్టులో రండి, హాయిగా చూడవచ్చు.

చట్టం చెబుతోంది:
చిన్న సవరణ. శుక్రవారం అధికారిక సెలవు కాదు. అధికారిక సెలవు శనివారం. 1953 నుంచి జూన్ 20కీ 26కీ మధ్య వచ్చే శనివారాన్ని పండుగ రోజుగా పెట్టారు. అంతకుముందు జూన్ 24 అని స్థిరంగా ఉండేది.

మేలార్ ఒడ్డు:
అధికారికమో కాదో, ఆఫీసులన్నీ మూసే ఉంటాయి. మద్యం షాపు ప్రభుత్వానిదే, అది శుక్రవారం నుంచి ఆదివారం వరకు తెరవరు. ఇంకేం కావాలి?

చట్టం చెబుతోంది:
మూయడం వేరు, సెలవు కావడం వేరు. ఉద్యోగుల వార్షిక సెలవుల చట్టంలో మాత్రం ఆ శుక్రవారాన్ని ఆదివారంతో సమానంగా లెక్కిస్తారు. క్రిస్మస్ ముందు రోజు, డిసెంబరు 31 కూడా అంతే.

కాకినాడ కాజా:
ముందు రోజే పాలు, పెరుగు కొని పెట్టుకుంటే సరిపోతుంది కదా. దీనికి చట్టం ఎందుకు?

సిల్యాన్ అభిమాని:
పైగా పెద్ద సరుకుల దుకాణాలు చాలావరకు ఆ రోజు కూడా కొన్ని గంటలు తెరుస్తారు. మేలార్ గారు కావాలనే భయపెడుతున్నారు. అమ్మగారి భోజనం సంగతి: ఊరబెట్టిన హెర్రింగ్ లాంటి చేపలు పక్కన పెడితే, శాకాహారం కూడా బాగానే ఉంటుంది. సోయికూర వేసి ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, పుల్లటి మీగడ, చివర్లో స్ట్రాబెర్రీలు. వెంట ఆవకాయ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

నల్లకుంట వాసి:
ఆగస్టు కుదరదండి. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, మొదటి వారం పోయినా సర్దుకోవచ్చు. ఆగస్టులో అయితే పరీక్షలు మొదలవుతాయి. తమ్ముడి కోసం బంగినపల్లి మామిడి, ఇంట్లో కాచిన నెయ్యి తెస్తానంటోంది అమ్మ.

మేలార్ ఒడ్డు:
రెండూ వద్దు. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేకూడదు. నెయ్యి పాల పదార్థమే. తాజా పండ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, డూరియన్ మాత్రమే మినహాయింపు. మామిడి అందులో లేదు. వీసా కూడా వెంటనే మొదలుపెట్టండి. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, ముప్పై వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇంకొక మాట. అసలు మీ తమ్ముడిని అడిగారా?

నల్లకుంట వాసి:
‘రండి అన్నయ్యా, చూద్దాం’ అన్నాడు.

మేలార్ ఒడ్డు:
ఆ ‘చూద్దాం’ దగ్గర ఆగి ఆలోచించండి.

గుంటూరు మావయ్య:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇక ఉండలేక రాస్తున్నాను. మా మేనల్లుడు అక్కడే ఉంటాడు. నేనూ మీ అత్తయ్యా ఇదే పండుగకు వెళ్ళాం. గురువారం రాత్రి ‘మావయ్యా, రేపు మేము ఆఫీసు స్నేహితుల కుటీరానికి వెళ్తున్నాం, శనివారం వచ్చేస్తాం, ఫ్రిజ్‌లో పప్పు ఉంది’ అన్నాడు. చదువుకునే రోజుల్లో మా ఇంట్లో ఉండి తిన్న పిల్లవాడు! మర్నాడు బయటికి వెళ్తే వీధిలో మనిషి లేడు. బండి మీద స్ట్రాబెర్రీలు అమ్ముతున్న అమ్మాయి నోట్లు తీసుకోదట, ఫోనులోనే డబ్బు పంపాలట, దానికి వాళ్ళ దేశపు బ్యాంకు ఖాతా ఉండాలట. పండ్లు వదిలేసి ఇంటికి వచ్చాం. కాబట్టి నల్లకుంట బాబూ, మీ తమ్ముడిని ఇప్పుడే గట్టిగా అడుగు. సెలవు పెట్టి దగ్గరుండి తిప్పుతాడా లేదా అని.

మేలార్ ఒడ్డు:
మావయ్యగారూ, కోపం తెచ్చుకోకండి. రెండో వైపు కూడా వినండి. చట్టం ప్రకారం ఇక్కడ ఏడాదికి ఇరవై అయిదు రోజుల సెలవు. అందులోనే ఇండియా ప్రయాణం, పిల్లల బడి సెలవులు. మిగిలిన రోజుల్లో ప్రతి వేసవీ ఎవరో ఒకరు వస్తారు. స్కాన్సెన్ చూపించు, పడవ ఎక్కించు, ఉత్తర కొసన ఉన్న అబిస్కో తీసుకెళ్ళి అర్ధరాత్రి సూర్యుడిని చూపించు. నా పిల్లలకు అదే స్కాన్సెన్ ఎలుగుబంట్లను చూసి చూసి విసుగొచ్చింది. ఏళ్ళ తరబడి ఒకే అంతస్తులో పనిచేస్తున్నా, మిడ్‌సమ్మర్‌కు రమ్మని స్వీడిష్‌వాళ్ళు పిలవడం తేలిక కాదు. పిలిచిన సంవత్సరం కూడా చుట్టాలు దిగారని మానుకున్నాను. మా అమ్మాయి ఏడ్చింది. తన తరగతి పిల్లలంతా అక్కడే ఉన్నారు.

గుంటూరు మావయ్య:
చుట్టాలను కూడా తీసుకువెళ్ళవచ్చుగా? మన ఇళ్ళలో పిలిచిన వాడితో నలుగురు వచ్చినా విస్తరి వేయమా?

మేలార్ ఒడ్డు:
అక్కడ కుర్చీలు, దుంపలు మనిషి లెక్కన సిద్ధం చేస్తారు. పిలవని అయిదుగురితో వెళ్ళలేను. వెళ్తే మళ్ళీ పిలవరు.

గుంటూరు మావయ్య:
అంటే వాళ్ళు మళ్ళీ పిలవరన్న భయం ఉంది గాని, మేము మళ్ళీ రామన్న భయం లేదు. తెలిసింది నాయనా.

మేలార్ ఒడ్డు:
నిజం చెప్పమంటారా? లేదు. మీరు ఎలాగూ వస్తారు, మీరు నా వాళ్ళు. ఇక్కడ నా పిల్లలకు ఎవరున్నారు? వాళ్ళు పెరిగేది ఈ ఊళ్ళోనే. ఆ ఒక్క సాయంత్రం వాళ్ళ స్నేహితులతో స్తంభం చుట్టూ కప్పల్లా గెంతుతూ ఆడుకోనివ్వండి అంటే అది ద్రోహమా? సెలవు పెట్టలేదని నన్ను ఊరంతా తిట్టిన బంధువు ఉన్నారు. టికెట్లు కొన్నాక నాకు తేదీలు చెప్పింది ఆయనే.

సిల్యాన్ అభిమాని:
పాపం అడిగింది లెక్సాండ్ గురించి. తమ్ముడు లేకుండా కూడా రైలెక్కి వెళ్ళవచ్చు.

కాకినాడ కాజా:
మావయ్యగారి మేనల్లుడు ముందే చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

గుంటూరు మావయ్య:
ముందే చెబితే నేను వెళ్ళేవాడినా? అందుకే చెప్పలేదు వాడు.

చట్టం చెబుతోంది:
మేలార్ గారూ, ఇరవై అయిదు రోజులు కనీసం మాత్రమే. కొన్ని ఒప్పందాల్లో ఎక్కువ ఉంటుంది.

నల్లకుంట వాసి:
ఈ చర్చ చదివి రాత్రి తమ్ముడికి ఫోను చేశాను. కాసేపు నసిగి, సహోద్యోగి ఇంటికి పిలుపు ఉందని, ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నానని అన్నాడు. వెళ్ళమన్నాను. ఆ శుక్రవారం మేము స్కాన్సెన్‌కు వెళ్తాం. లెక్సాండ్ గట్టు మీద అమ్మ అంతసేపు కూర్చోలేదు. శనివారం నుంచి వాడు మాతో ఉంటాడు. ఇక్కడే ఇంకొక చిక్కు వచ్చింది: తమ్ముడు రాకపోతే తనూ రానని అమ్మ అంటోంది.

గుంటూరు మావయ్య:
అమ్మ మాట సబబుగానే ఉంది.

మేలార్ ఒడ్డు:
అమ్మగారితో మీరు కాదు, మీ తమ్ముడినే మాట్లాడమనండి. వీసా దరఖాస్తు మాత్రం ఈలోపు ఆపకండి.